శాశ్వత లోక్ అదాలత్‌కు దరఖాస్తు చేసుకునే విధానం: గోదావరి డెల్టా వాసులకు వివరణ

కరెంటు బిల్లు మీదో, బీమా క్లెయిము మీదో తగవు వచ్చినప్పుడు మన ప్రాంతంలో చాలామంది ఆ కార్యాలయం చుట్టూ కొన్నాళ్లు తిరిగి, విసిగి వదిలేస్తారు. ఓపిక, స్తోమత ఉన్నవారు ప్లీడరును కుదుర్చుకుని దావా వేస్తారు. ఈ రెండింటికీ నడుమ చట్టం తెరిచి ఉంచిన మరో దారి శాశ్వత లోక్ అదాలత్. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది. ప్రజోపయోగ సేవల తగవుల కోసమే శాశ్వత లోక్ అదాలత్‌లను నెలకొల్పే ఏర్పాటును 2002లో చేసిన సవరణతో అందులో చేర్చారు. దీనికి కోర్టు ఫీజు లేదు. జిల్లా జడ్జి లేదా అదనపు జిల్లా జడ్జి స్థాయిలో పనిచేస్తున్నవారు, లేదా పనిచేసినవారు అధ్యక్షులుగానూ, ప్రజోపయోగ సేవలలో అనుభవం ఉన్న మరో ఇద్దరు సభ్యులుగానూ ఉంటారు.

ఏ తగవులు ఇక్కడికి తేవచ్చునో చట్టమే పేర్కొన్నది. రోడ్డు, జల, వాయు మార్గాలలో ప్రయాణికులనూ సరుకులనూ చేరవేసే సేవలు, తపాలా, టెలిఫోను, విద్యుత్తు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, ఆసుపత్రి సేవలు, బీమా ఇందులో ఉన్నాయి. బస్సు ప్రయాణానికి సంబంధించిన తగవు ఎలాగో, నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీద దాటే ప్రయాణికుడి తగవు కూడా అలాగే దీని పరిధిలోకి వస్తుంది. వీటికి మరికొన్ని సేవలను ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా చేర్చవచ్చు. తగవు విలువ కోటి రూపాయలకు మించకూడదు. రాజీకి వీలులేని నేరాలతో ముడిపడిన విషయాలను ఇక్కడ విచారించరు. పొలం గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకాలు, చేబదులు బాకీలు ప్రజోపయోగ సేవలు కావు కనుక వాటికి మామూలు లోక్ అదాలత్‌ను ఆశ్రయించాలి.

ఆ రెండింటికీ ఉన్న తేడాను దరఖాస్తుదారు ముందే గ్రహించాలి. మామూలు లోక్ అదాలత్‌లో ఎదుటి పక్షం ఒప్పుకోకపోతే వ్యవహారం అక్కడితో ఆగిపోతుంది, మళ్లీ కోర్టు దారి పట్టవలసిందే. శాశ్వత లోక్ అదాలత్ మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. రాజీ కుదరనప్పుడు ఇరుపక్షాల వాదన, ఆధారాలు చూసి తానే తీర్పు చెప్పగలదు. అందుచేత పెద్ద సంస్థ రాజీకి రాకుండా బిగదీసుకుని కూర్చున్నంత మాత్రాన సామాన్యుడి దరఖాస్తు వృథా పోదు. ఈ వ్యవస్థలో ప్రజలకు అసలైన రక్ష ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఇక్కడ ఒక షరతు ఉంది. తగవు ఏ కోర్టుకూ వెళ్లకముందే దరఖాస్తు చేయాలి. దావా వేసిన తరువాత ఇక్కడికి రావడం కుదరదు. ఒకసారి దరఖాస్తు పడిన తరువాత అదే తగవు మీద ఇరుపక్షాలలో ఎవరూ మరో కోర్టుకు వెళ్లకూడదు. కనుక దరఖాస్తు ఇచ్చే ముందే ఒక రోజు ఆగి, ఈ దారి మనకు తగినదేనా అని న్యాయ సేవాధికార సంస్థలో ఎవరినైనా అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

తూర్పు గోదావరి వైపు వారు రాజమహేంద్రవరంలోనూ, పశ్చిమ గోదావరి వైపు వారు ఏలూరులోనూ ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో, తమ దరఖాస్తు ఎక్కడ దాఖలు చేయాలో తెలుసుకోవచ్చు. అంత దూరం వెళ్లలేనివారు అమలాపురం, రాజోలు, భీమవరం, నర్సాపురం వంటి చోట్ల కోర్టు ఆవరణలలో ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీలో అడిగినా దారి చూపుతారు. ఫోనులో సలహా కావలసినవారు 15100 నంబరుకు చేయవచ్చు.

దరఖాస్తును తెలుగులో, తెల్ల కాగితం మీద, విషయం స్పష్టంగా తెలిసేటట్లు రాసుకోవాలి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా, ఫోను నంబరు, ఎదుటి సంస్థ పేరు, దాని బాధ్యుడైన అధికారి హోదా, చిరునామా మొదట రావాలి. చిరునామా తప్పితే నోటీసు అందక వాయిదాలు పడతాయి. కనుక బిల్లు మీదో పాలసీ మీదో ఉన్న చిరునామానే అక్షరం పొల్లు పోకుండా దించుకోవాలి. ఆ తరువాత జరిగినది తేదీల వరుసలో రాయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. లంక గ్రామంలో ఒక రైతు పాడి గేదెకు బీమా చేయించాడు. గేదె జబ్బు చేసి చనిపోయింది. గుర్తింపు కోసం చెవికి వేసిన ట్యాగు ఊడిపోయిందన్న కారణం చూపి సంస్థ క్లెయిమును తిరస్కరించింది. ఇతడు దరఖాస్తులో పాలసీ నంబరు, ప్రీమియం కట్టిన తేదీ, గేదె చనిపోయిన తేదీ, పశువైద్యుడు పోస్టుమార్టం చేసిన తేదీ, సంస్థకు తెలియజేసిన తేదీ, తిరస్కరణ ఉత్తరం వచ్చిన తేదీ రాయాలి. ట్యాగు ఎప్పుడు, ఎలా ఊడిందో, ఆ సంగతి సంస్థకు ఎప్పుడు చెప్పాడో దాచకుండా రాయాలి. తనకు బలహీనంగా కనిపించే ఆ అంశాన్ని వదిలేస్తే ఎదుటివారు దానినే ముందుకు తెస్తారు. చివరకు తనకు ఏమి కావాలో, అంటే బీమా సొమ్ము ఎంత, తిరిగిన ఖర్చులు ఎంత అన్నది అంకెలలో కోరాలి. న్యాయం చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను అని మాత్రమే రాసి ముగించిన దరఖాస్తు, చదివేవారికి ఏ మేలు చేయాలో చెప్పదు.

పాలసీ, రశీదులు, పోస్టుమార్టం సర్టిఫికెట్టు, ఫోటోలు, తిరస్కరణ ఉత్తరం, ఆధార్ కార్డు నకళ్లను జతచేసి, అసలు కాగితాలను తన దగ్గరే ఉంచుకుని విచారణ రోజున చూపించాలి. దరఖాస్తును ఎదుటి పక్షాల సంఖ్యకు సరిపడా ప్రతులతో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్న ఒక ప్రతిని ఇంటికి తెచ్చుకోవాలి. 1986 ఆగస్టు వరదనూ, 2022 జులై వరదనూ చూసిన లంకల వారికి కాగితాలు నీటిపాలు కావడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు. కాగితం పోయిందని వెనక్కు తగ్గనక్కరలేదు. పత్రాలు తెప్పించడంలోనూ, సాక్షులను పిలిపించడంలోనూ సివిల్ కోర్టుకున్న అధికారాలు శాశ్వత లోక్ అదాలత్‌కూ ఉన్నాయి. ఏ పత్రం ఎదుటి సంస్థ దగ్గర ఉన్నదో దరఖాస్తులో పేర్కొని, దానిని తెప్పించమని కోరవచ్చు.

దరఖాస్తు స్వీకరించిన తరువాత ఎదుటి పక్షానికి నోటీసు వెళుతుంది. వారు రాతపూర్వకంగా జవాబు, ఆధారాలు దాఖలు చేయాలి. వాటి ప్రతి మనకూ అందాలి. ఆ మీదట రాజీ సంప్రదింపులు మొదలవుతాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టాల కట్టుబాట్లు ఇక్కడ లేవు కనుక దరఖాస్తుదారు తన మాట తాను మామూలు భాషలో చెప్పుకోవచ్చు. రాజీకి వీలుందనిపిస్తే సభ్యులే షరతులు రాసి ఇరుపక్షాల ముందు పెడతారు. ఎదుటి పక్షం హాజరు కాకపోయినా రాజీ ప్రయత్నపు మెట్టును దాటవేసి నేరుగా తీర్పు చెప్పకూడదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అందుచేత ఎదుటివారు రాని రోజున కూడా ఆ మెట్టు సక్రమంగా నడిచినట్లు రికార్డులో ఉండడం మనకే మేలు, లేకపోతే తీర్పు పై కోర్టులో నిలవక శ్రమంతా మళ్లీ మొదటికి వస్తుంది.

రాజీ పత్రం మీద సంతకం పెట్టే ముందు ఎంతసేపైనా చదవండి, చదువురానివారు చదివించుకుని వినండి. ఇక్కడ వెలువడే నిర్ణయాన్ని అవార్డు అంటారు. అదే తుది నిర్ణయం, దానిమీద అప్పీలు లేదు. రాజ్యాంగపరమైన రిట్ పిటిషనుతో హైకోర్టుకు వెళ్లే అవకాశం ఉన్నా, అది చాలా పరిమితం. సొమ్ము ఎంత, ఏ తేదీలోగా, ఏ ఖాతాకు, గడువు దాటితే వడ్డీ ఎంత అన్న నాలుగు సంగతులూ పత్రంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఈరోజే తేల్చుకోవాలని ఎవరైనా తొందరపెడితే, ఆలోచించుకోవడానికి గడువు అడగడంలో తప్పు లేదు. నలుగురిలో అడగడానికి మొహమాటపడి సంతకం చేసి, ఇంటికి వచ్చాక బాధపడినా దానికి మందు లేదు.

న్యాయవాది సాయం కావాలనుకుంటే అదే న్యాయ సేవాధికార సంస్థకు వేరుగా దరఖాస్తు పెట్టి ఉచితంగా పొందవచ్చు. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాల, తెగల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు దీనికి అర్హులు. వీరికి ఆదాయ పరిమితి లేదు. వరద వంటి విపత్తుల బాధితులు కూడా ఈ జాబితాలో ఉన్నారన్నది మన ప్రాంతంలో చాలామందికి తెలియని విషయం. గోదావరి ఇల్లు ముంచిన కుటుంబం తన ఆదాయాన్ని లెక్కచెప్పుకోకుండానే న్యాయవాదిని కోరవచ్చు. తక్కినవారికి ప్రభుత్వం నిర్ణయించిన వార్షిక ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

అవార్డు వెలువడిన రోజునే దాని ధ్రువీకృత ప్రతికి అడగండి. దానికి సివిల్ కోర్టు డిక్రీతో, అంటే ఆ కోర్టు తీర్పు మీద ఇచ్చే ఉత్తర్వుతో, సమానమైన బలం ఉంటుంది. ఎదుటి సంస్థ గడువులోగా సొమ్ము చెల్లించకపోతే, శాశ్వత లోక్ అదాలత్ ఆ అవార్డును స్థానికంగా అధికారం ఉన్న సివిల్ కోర్టుకు పంపించవచ్చు, ఆ కోర్టు దానిని తానిచ్చిన డిక్రీ మాదిరిగానే అమలు చేస్తుంది. అమలు కోరుతూ పెట్టే అర్జీకి అవార్డు ప్రతితోపాటు, సొమ్ము జమ కాలేదని చూపే బ్యాంకు పాసుబుక్కు నకలు జతచేయడం మంచిది.