పొదుగు వాయకముందే పొదుగువాపును పట్టుకోవడం

పొదుగు గట్టిపడి, పాలలో గడ్డలు కనబడ్డాక పొదుగువాపును ఎవరైనా గుర్తుపడతారు. కానీ అసలు నష్టం అంతకు చాలా ముందే మొదలవుతుంది. పాలు తెల్లగానే ఉంటాయి, పశువు మేత మానదు, దిగుబడి మాత్రం తగ్గుతుంది. రోజుకు లీటరు తగ్గినా నెలకు 30 లీటర్లు పోయినట్టే. అందుకే పాలిచ్చే పశువులన్నిటికీ నెలకోసారి పైకి కనబడని పొదుగువాపును పాలలో పట్టే కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ (సీఎంటీ) చేయాలి.

చన్నులు కడిగి, పొడిగుడ్డతో తుడవండి. మొదటి మూడు నాలుగు ధారలు వేరే గిన్నెలోకి తీసేయండి. నేల మీద పితికితే రోగక్రిములు కొట్టమంతా చేరతాయి. తర్వాత నాలుగు గుంటల ప్లేటులో ఒక్కో గుంటలోకి ఒక్కో చన్ను పాలు పిండండి. ప్లేటు పిడి ఎప్పుడూ పశువు తోకవైపే ఉంచితే ఏ పాలు ఏ చన్నువో తికమక ఉండదు. గుంటకు 2 మి.లీ. పాలుంచి, అంతే సీఎంటీ పరీక్ష ద్రావణం కలిపి, 10 సెకన్లు గుండ్రంగా తిప్పండి. ఫలితం 20 సెకన్లలోపే చూడాలి, ఆలస్యమైతే చిక్కదనం విరిగిపోతుంది.

పల్చగా పారితే ఆ చన్ను బాగున్నట్టు. కాస్త జిగురొచ్చి మాయమైతే వారం తర్వాత మళ్లీ పరీక్షించండి. జెల్లీలా మధ్యకు చేరితే రోగం ఉన్నట్టే. రోగమున్న పాలలో తెల్లరక్తకణాలు ఎక్కువ, పరీక్ష ద్రావణంలోని డిటర్జెంటు వాటిని పగలగొట్టగా బయటపడే డీఎన్‌ఏ వల్లే ఈ చిక్కదనం. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందూ ఆరోగ్యమైన పశువు పాలు కూడా చిక్కబడవచ్చు. అప్పటి ఫలితాన్ని నమ్మకండి.

రోగం తేలిన పశువును అన్నిటికన్నా చివర పితకండి. దుకాణంలో యాంటిబయాటిక్ ట్యూబు కొని చన్నులోకి ఎక్కించేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. యాంటిబయాటిక్ వాడకముందే ఆ చన్ను పాలను శుభ్రమైన సీసాలో, ఐసులో పెట్టి ల్యాబుకు పంపితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. వాపు, జ్వరం ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరును పిలవండి. మందు వాడినన్నాళ్లూ, ఆపై లేబుల్ మీద రాసిన గడువు వరకూ ఆ పాలు అమ్మకూడదు, ఇంట్లో వాడకూడదు.

పితికిన వెంటనే ప్రతి చన్నునూ గ్లిజరిన్ కలిసిన 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచండి. పాలు తీశాక చన్ను రంధ్రం అరగంటపాటైనా తెరుచుకునే ఉంటుంది. అప్పుడు పశువు పేడలో పడుకుంటే క్రిములు నేరుగా లోపలికి పోతాయి. మేత ఆ సమయానికే వేస్తే నిలబడి తింటుంది. బొటనవేలు మడిచి పితికితే చన్ను లోపలి పొర దెబ్బతింటుంది, గుప్పిట నిండా పట్టి పితకండి.