స్కీల సంరక్షణ, 4వ పాఠం: వేసిన వాక్స్ గీకేయాల్సిందే

ఈసారి అంచులకు పదును పెట్టడం మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి, స్కీల అడుగున వాక్స్ (బాగా జారడానికి వేసే మైనం) ఐరన్‌తో కరిగించి వేసుకుని లవ్‌ల్యాండ్ స్కీ రిసార్ట్‌కి వెళ్లొచ్చిన డెన్వర్ మిత్రులు నలుగురు ఇంచుమించు ఒకే మాట రాశారు: "ముందే నయం, వాక్స్ వేశాక ఇంకా స్లో అయ్యాయి, చదునుగా ఉన్నచోట పోల్స్‌తో (చేతికర్రలతో) నెట్టుకుంటూ, కొండపైకి తీసుకెళ్లే లిఫ్ట్ దాకా రావాల్సొచ్చింది." ఒకరు ఫోటో కూడా పంపారు. బేస్ (స్కీ అడుగు భాగం) మీద కొవ్వొత్తి కారినట్టు వాక్స్ అలాగే ఉంది, దాన్ని పట్టుకుని బొటనవేలంత మందాన మంచు గడ్డకట్టింది. నేను పోయినసారి చివర్లో "చల్లారాక గీకేయండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను, అది సరిపోలేదు. అందుకని ఈ పాఠమంతా గీకడం గురించే.

అందరి సందేహమూ ఒకటే. డబ్బు పెట్టి కొని, అంతసేపు నిలబడి రుద్దిన వాక్స్‌ని గీకి చెత్తబుట్టలో వేస్తే ఇక మిగిలేదేంటి? బేస్‌లోకి ఇంకినది మిగులుతుంది, మనకు కావలసింది అంతే. స్కీ అడుగున ఉండేది ఒకరకం గట్టి పాలిథిన్. చూడ్డానికి నున్నగా ఉన్నా, వేడి తగిలినప్పుడు కొంచెం వాక్స్‌ని లోపలికి తీసుకుంటుంది. ఇంట్లో ఇనప పెనం గుర్తు తెచ్చుకోండి. దోశ అంటుకోకుండా లేచేది పెనానికి పట్టిన నూనె వల్ల, మీద మడుగు కట్టిన నూనె వల్ల కాదు. అందుకే కదా దోశ వేసేముందు ఉల్లిపాయ చెక్కతో తుడిచేస్తాం.

పైన మిగిలిన పొర ఊరికే పడి ఉంటే పర్వాలేదు, కానీ అది ఎదురు పనిచేస్తుంది. జనవరి చలిలో కొత్తగా పడిన పొడి మంచు రేణువులు సూదుల్లా ఉంటాయి, మెత్తటి వాక్స్ దొరికితే అందులోకి దిగబడి పట్టేసుకుంటాయి. మార్చి, ఏప్రిల్ తడి మంచులో కథ వేరు. బేస్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తే సన్నటి గీతలు కనపడతాయి, అవి అరుగుదల గీతలు కావు, నీటి పొర తెగడానికి కావాలని వేసినవి. వాక్స్ వాటిని పూడ్చేస్తే, రెండు తడి గాజు పలకలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు స్కీ మంచుకి అతుక్కుంటుంది. మీరు పోల్స్‌తో నెట్టుకుంటూ వచ్చింది ఇందువల్లే. నా మొదటి సీజన్‌లో ఒక షాపువాళ్లు ఇలాగే సగం గీకి ఇచ్చారు, ఆ రోజంతా నా ఒంట్లో బలం లేదనుకున్నాను. అందుకే ఈ ఒక్క విషయంలో ఇంత పట్టుబడుతున్నాను.

ఇక పని. వాక్స్ వేశాక ఇంట్లోనే కనీసం అరగంట వదిలేయండి. త్వరగా అవుతుందని బయట చలిలో పెట్టకండి. నేనైతే రాత్రి వేసి పొద్దున గీకుతాను. వేడిగా ఉండగా గీకితే లోపలికి వెళ్లిందీ బయటికొచ్చేస్తుంది. మురికి తీయడానికి మాత్రం అలా కావాలనే చేస్తాం: చవక మెత్తటి వాక్స్ వేసి వెచ్చగా ఉండగానే లాగేస్తే నల్లటి మడ్డి దాంతోపాటు వచ్చేస్తుంది.

గీకడానికి ప్లాస్టిక్ స్క్రేపరే వాడండి. వంటింటి కత్తి, స్టీలు రేకు వద్దు, బేస్ చీరుకుపోతుంది. మందం 5 మిల్లీమీటర్లుంటే నాకిష్టం, పల్చటివి చేతిలో వంగిపోతాయి. స్క్రేపర్ అంచు మొద్దుబారితే ఎంత నొక్కినా వాక్స్ మీద జారుతుందే తప్ప లేవదు, కాబట్టి ముందు దాని అంచుని ఆకురాయితో నిటారుగా, పదునుగా చేసుకోండి. స్క్రేపర్ మూలనున్న గాడితో పక్క అంచుల మీది వాక్స్ మొదట తీసేసి, తర్వాత బేస్ మీద ముందు కొన నుంచి వెనక కొన దాకా, ఎప్పుడూ ఆ దిక్కుగానే, చిన్నగా ఒత్తుతూ లాగండి. మొదట కొబ్బరి కోరులా వస్తుంది, తర్వాత పిండిలా, తర్వాత ఏమీ రాదు. గోటితో ఒక గీత గీసి చూడండి, గోట్లోకి వాక్స్ వస్తే పని ఇంకా అవ్వలేదు. ఆ తర్వాత ఇత్తడి బ్రష్ ఓ పదిహేను సార్లు, నైలాన్ బ్రష్ ఓ పదిహేను సార్లు. గుర్రపు వెంట్రుకల బ్రష్ కొనమంటారు, నేను కొనలేదు, లోటూ అనిపించలేదు. గీకిన పొడి పాత పేపర్ మీద పోగుచేసి చెత్తలో వేయండి, సింకులో కడగొద్దు.

ఫోన్ మోగిందని ఐరన్‌ని స్కీ మీదే ఆపేసినాయనకి: ఆ మెరిసే మచ్చ బేస్ కాలిన గుర్తు, అక్కడ వాక్స్ పట్టదు. షాపులో తిరిగే రాయి మీద బేస్‌ని అరగదీయించుకోవడమే దారి. ఐరన్ ఎప్పుడూ కదులుతుండాలి, పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే. పాత ఫ్లోరిన్ వాక్స్ చవకగా వస్తోంది కొనమంటారా అన్నవారికి: వద్దండి. మట్టిలో, నీళ్లలో అది విరిగిపోకుండా ఉండిపోతుంది. 2023-24 సీజన్ నుంచి ఎఫ్ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పోటీల్లోనే నిషేధించారు, శనాదివారాలు స్కీ చేసే మనకి దాని అవసరమే లేదు.

ఈ వారం అభ్యాసం కష్టమైనదే, చేసి తీరండి. ఒకే జతకి మూడుసార్లు వాక్స్ వేయడం, చల్లార్చడం, గీకడం, బ్రష్ చేయడం. మూడు విడతల పొడినీ మూడు కాగితాల్లో విడిగా ఉంచండి. పక్కపక్కన పెట్టి రంగు చూడండి, మూడోది కూడా బూడిద రంగులో ఉంటే మురికి ఇంకా ఉన్నట్టే, నాలుగోసారి వెచ్చగా ఉండగా గీకే పద్ధతి చేయండి. అంచుల పాఠానికి ఆకురాయితో పాటు దాన్ని 2 డిగ్రీల కోణంలో పట్టి ఉంచే గైడ్ కూడా కొని పెట్టుకోండి, ఉత్త చేత్తో ఆ పని నేను చేయనివ్వను.