పల్లెకు మారాక ఏం గీయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

పల్లెకు మారిన తరవాత వేసే మొదటి బొమ్మలు చాలామటుకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: పైన సగం ఆకాశం, కింద సగం పొలం, మధ్యలో దూరంగా చెట్ల వరస. కళ్లముందున్నదంతా ఒకే కాగితం మీదికి ఎక్కించాలని చూడటం వల్ల వచ్చే చిక్కు ఇది. రోజుకో కొత్త చోటు వెతుక్కుంటూ తిరిగితే ఇంకా ముదురుతుంది. చోటు తగ్గించుకుని, చూసే సమయం పెంచుకోవాలి.

ఇంటి నుంచి 10 నిమిషాల నడకలో ఒక చోటు ఎంచుకోండి. అంతకన్నా దూరమైతే వారం తిరక్కుండానే వెళ్లడం మానేస్తారు. మరీ అందమైన చోటు అక్కర్లేదు. కూర్చోవడానికి నీడ, దగ్గర్లో ఒక మొద్దో బండో కంచె గుంజో, దాని వెనక కొంత దూరం చూపు పారే ఖాళీ ఉంటే చాలు. పొలం వేరేవాళ్లదైతే ముందుగా అడగండి.

మొదటి నాలుగైదు సార్లు రంగులు తీసుకెళ్లొద్దు. పెన్సిలు, చిన్న నోటుపుస్తకం, ఒక అట్టముక్క చాలు. అట్ట మధ్యలో కిటికీలా కోయాలి, కాగితం కొలతల నిష్పత్తిలోనే. కాగితం 15×21 సెం.మీ. అయితే కిటికీ 5×7 సెం.మీ. ఒక కన్ను మూసి అందులోంచి చూడండి. అట్ట కంటికి దగ్గరగా ఉంటే ఎక్కువ మేర కనిపిస్తుంది, చెయ్యి చాపితే ఒక కొమ్మ మాత్రమే మిగులుతుంది. చెయ్యి చాపి చూడటమే మేలు. తెల్ల అట్ట ఎండలో కళ్లకు కొడుతుంది కాబట్టి బూడిదరంగుదో నల్లదో వాడండి.

కిటికీలో కనిపించినదాన్ని అదే 5×7 కొలతలో, ఒక్కోటి మూడు నిమిషాలకు మించకుండా నాలుగు చిన్న బొమ్మలుగా వేయండి. మూడే టోన్లు: కాగితం తెలుపు, నడిమి బూడిద, ముదురు. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు మాయమై ఈ మూడే తేలతాయి. మూడు టోన్లలో నిలబడని కూర్పును ఏ రంగూ కాపాడలేదు. ప్రతి బొమ్మ పక్కన తేదీ, గంట, ఎండ ఏ వైపు నుంచి పడుతోందో రాసుకోండి. ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821-22లో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో వేసిన మేఘాల అధ్యయనాల్లో చాలావాటి వెనక సమయం, గాలి దిశ కూడా రాసిపెట్టాడు.

వెలుగు సంగతి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. రెండు గంటలపాటు ఒకే బొమ్మ మీద కూర్చుంటే మొదట వేసిన నీడలు ఒక వేళవి, చివర వేసినవి ఇంకో వేళవి అవుతాయి. ఎక్కడ తప్పిందో చూసేవాళ్లు చెప్పలేకపోయినా బొమ్మ అతకదు. అందుకే మొదటి 10 నిమిషాల్లో నీడల అంచులు పెన్సిలుతో గీసేసి, తరవాత అవి ఎంత జరిగినా దిద్దకండి. లేదా రెండు కాగితాలు పట్టుకెళ్లి, 45 నిమిషాలకు కాగితం మార్చి, మర్నాడు అదే వేళకు మొదటిదాన్ని కొనసాగించండి. 1883లో గివెర్నీ అనే పల్లెకు మారిన ఫ్రెంచి చిత్రకారుడు మోనే, 1890-91లో ఇంటి దగ్గరి గడ్డివాములను ఇలాగే, వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మారుస్తూ వేశాడు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడలు వస్తువు కిందికే ముడుచుకుని అంతా చదునుగా కనిపిస్తుంది. ఆ వేళ ఇంట్లో ఉండటం నయం.

ఇక పల్లెలో అసలు పరీక్ష పచ్చరంగుది. ట్యూబులోని పచ్చ నేరుగా వాడితే చెట్టు ప్లాస్టిక్‌లా ఉంటుంది. లెమన్ యెల్లో, యెల్లో ఆకర్, గాంబోజ్ అనే మూడు పసుపులను అల్ట్రామెరీన్, కోబాల్ట్, ప్రష్యన్ అనే మూడు నీలాలతో కలిపి తొమ్మిది గళ్ల పట్టిక వేయండి. ప్రతి గడిలో సగం మామూలుగా, సగం బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు ఒక చుక్క వేసి. ఆరాక ఆ పట్టికను వెంట తీసుకెళ్లండి. అట్టలో పెన్సిలు పట్టేంత రంధ్రం చేసి అందులోంచి ఒక్కో ఆకుల గుంపును చూస్తూ గడులతో పోల్చండి. పచ్చ అనుకున్నది చాలాచోట్ల గోధుమ, బూడిద, నీలం అని బయటపడుతుంది. నున్నటి ఆకు పైభాగం ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది కాబట్టి నీలంగా, ఒక్కోసారి తెల్లగా ఉంటుంది. అదే ఆకు ఎండకు అడ్డంగా ఉంటే వెలుగు దానిలోంచి దూరి పసుపుపచ్చగా వెలుగుతుంది. దూరపు చెట్లకు నీలం పెంచి, నీళ్లు పెంచండి. మధ్యనున్న గాలి వెలుగును చెదరగొట్టడం వల్ల దూరంలో ముదురు టోన్లు పలచబడతాయి.

నీటిరంగులకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) మందపాటి కాగితం తీసుకోండి, పలచనిది తడికి ఉబ్బి గుంటలు పడుతుంది. కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఆ మెరుపులో రంగు పలచగా అనిపించి ముదురుగా కలుపుతారు, ఇంట్లోకి తెచ్చి చూస్తే బొమ్మ మసకబారి ఉంటుంది. నీడలో వేసేటప్పుడు మాత్రం కాస్త చిక్కగానే కలపాలి, ఆరాక నీటిరంగు తేలిపోతుంది. వేడిగాలిలో వాష్ (నీళ్లు ఎక్కువ కలిపి పరిచే రంగు పూత) అంచులు వెంటనే గట్టిపడతాయి కాబట్టి ముందు కాగితం తడిపి, చిన్న భాగాలుగా వేయండి. ముసురు రోజుల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం, రంగు తొందరగా ఆరదు. సగం ఆరిన చోట నీళ్లెక్కువున్న కుంచె పెడితే గరుకు అంచుల మరకలు పడతాయి, అవి పోవు.

ఫోను ఫోటో ఆకారాలకు పనికొస్తుంది, రంగుకు కాదు. ఆకాశానికి సరిపడా తీస్తే నీడలు నల్లబడతాయి, నీడలకు సరిపడా తీస్తే ఆకాశం తెల్లబోతుంది.

ఏదీ తట్టని రోజు కింద రాలినదాన్ని, ఒక కాయ తొడిమో ఈకో ఎండుపుల్లో, ఇంటికి తెచ్చి రెండింతల పరిమాణంలో 20 నిమిషాలు గీయండి. పచ్చి ఆకైతే వాడిపోయి ముడుచుకోకముందే బయటి గీత పూర్తిచేయాలి, కాడ నీళ్లలో ఉంచితే కొంత సమయం దొరుకుతుంది. ఆకులోని ఈనెల అల్లిక తీరిగ్గా గీయాలంటే దాన్ని వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, మర్నాడు కాగితం మార్చండి. వారంలో ఎండుతుంది. రంగు మాత్రం మారిపోతుంది, కాబట్టి తెచ్చిన రోజే దాన్ని పట్టికలోని గడితో సరిపోల్చి పక్కన పూసి పెట్టుకోండి.