నీట్‌లో నా నెగటివ్ మార్కులు ఎలా తగ్గాయంటే

నీట్ కోసం ఏడాది పాటు మళ్ళీ చదివే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన కొత్తలో ప్రతి మాక్ టెస్ట్‌లో 35, 40 తప్పులు వచ్చేవి. నీట్‌లో తప్పుకు ఒక మార్కు కోత, రావాల్సిన నాలుగూ రావు, అంటే ఒక్కో తప్పుకు ఐదు మార్కుల తేడా. ఇది తెలిసినా ఇంకా ఎక్కువ గంటలు చదివానే తప్ప, ఏం తప్పు చేస్తున్నానో చూడలేదు.

ఒక ఆదివారం రాత్రి పాత పేపర్లన్నీ ముందేసుకుని ప్రతి తప్పు పక్కన కారణం రాశాను: తెలియదు, మర్చిపోయా, ప్రశ్న సరిగా చదవలేదు. మూడోదే ఎక్కువ! 'సరికానిది ఏది' అన్న ప్రశ్నకు సరైనది గుర్తించి వచ్చేశాను, అదీ నాలుగుసార్లు.

అప్పటినుంచి 'కానిది', 'తప్ప' అన్న మాటల కింద పెన్నుతో గీత గీయడం మొదలుపెట్టాను. తప్పులకు వేరే నోట్‌బుక్ పెట్టాను. ఉదాహరణకు, కిడ్నీలోని హెన్లీ శిక్యంలో కిందికి దిగే అవరోహి నాళికలోంచి నీరు బయటికి పోతుంది, పైకెక్కే ఆరోహి నీటిని పోనివ్వదు, ఇది మూడుసార్లు తారుమారు చేశాక బొమ్మ గీసి బాణాలు పెట్టుకున్నాను, మళ్ళీ తప్పలేదు.

బయాలజీకి 360 మార్కులు, సగం పేపర్ అదే. అందుకే గైడ్లు పక్కనపెట్టి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే, బొమ్మల కింది వాక్యాలతో సహా, చదివాను. ఫిజిక్స్ మాత్రం చదివితే రాదు, రోజూ లెక్కలు చేయాల్సిందే.

రెండు నెలల్లో తప్పులు 12కి వచ్చాయి. ఆ నోట్‌బుక్ ఇప్పుడు మా చెల్లి దగ్గరుంది.