పొద్దున లేవగానే తుమ్ములా? పడక నుంచి మొదలుపెట్టండి

మా చిన్నవాడికి పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు కారడం. నేను రోజుకు రెండుసార్లు ఫినాయిల్ వేసి ఇల్లంతా తుడిచేదాన్ని. ఏం తేడా లేదు. ఒకరోజు వాడి దిండుకు గలీబు విప్పి, కిటికీలోంచి పడుతున్న ఎండలో పెట్టి చేత్తో ఒక్క దెబ్బ కొట్టాను. ఆ వెలుగులో లేచిన దుమ్ము ఎంతసేపటికీ కిందికి దిగలేదు. రాత్రంతా వాడు ముఖం ఆనించి పడుకునేది దాని మీదే!

పరుపుల్లో, దిండ్లలో డస్ట్ మైట్స్ అనే పురుగులు ఉంటాయి. సైజు మిల్లీమీటరులో మూడో వంతు, అంటే మామూలుగా కంటికి ఆనవు. మన ఒంటి మీద నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. కుట్టవు, కానీ వాటి రెట్టే చాలామందికి అలర్జీ తెస్తుంది. నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. అందుకే సముద్రం దగ్గరి ఊళ్లలో, వానాకాలంలో వీటి బాధ ఎక్కువ.

ముందు పడక. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. వాషింగ్ మెషీన్‌లో ఆ సెట్టింగ్ ఉంటే సరే, లేకపోతే సలసలా కాగిన నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. చన్నీళ్లకు పురుగులు చావవు కానీ రెట్ట చాలావరకు కొట్టుకుపోతుంది, కాబట్టి అసలు ఉతకకపోవడం కన్నా అదే నయం. పరుపును ఎండలో వేసి, బయటే దులపండి. అలర్జీ ఉన్న మనిషి ఆ దరిదాపుల్లో ఉండకూడదు. దూది దిండు పాతబడి ఉండకట్టిందా, మొహమాటపడకుండా మార్చేయండి. పిల్లల గుడ్డ బొమ్మలను కవర్లో కట్టి ఒకరోజు ఫ్రీజర్‌లో పెడితే పురుగులు చస్తాయి. ఆ తర్వాత ఉతకాలి, లేకపోతే రెట్ట అలాగే ఉండిపోతుంది.

తర్వాత దుమ్ము, పైనుంచి కిందికి. ఫ్యాన్ రెక్కకు పాత గలీబు తొడిగి, రెండు చేతులతో నొక్కిపట్టి మెల్లగా లాగండి. దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. పొడి చీపురుతో గట్టిగా ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ పడక మీదికే చేరుతుంది, తడిగుడ్డతో తుడవడం మేలు. ఏసీ వాడే రోజుల్లో రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి.

వంటిల్లు. క్రిములు చేరేది మసిగుడ్డలో, గిన్నెలు తోమే స్పాంజిలో. రోజంతా తడిగా ఉంటాయి కదా! మసిగుడ్డను రోజూ ఉడుకునీళ్లలో వేసి తీసి, ఆరబెట్టి, పొడిది వాడండి. స్పాంజి వాసన వస్తే పారేయండి. పచ్చి చికెన్‌ను కుళాయి కింద ధారగా కడిగితే తుంపరలు పక్కనున్న గిన్నెల మీద పడతాయి. దాని కత్తి, పలక వేరుగా ఉంచండి. బొద్దింకల రెట్ట కూడా ఆస్తమాను రేపుతుంది. రాత్రి సింకు పొడిగా ఉంచి, చెత్తబుట్టకు మూత పెట్టండి. బొద్దింకల మందుల్లో స్ప్రే కన్నా జెల్ మంచిది, గాలిలో మందు ఉండదు.

బాత్రూమ్. మొదట సబ్బుతో మురికి వదలగొట్టి, ఆ తర్వాతే క్రిములను చంపే మందు వేయండి. డబ్బా మీద ఎన్ని నిమిషాలని రాశారో అంతసేపు వదిలేయాలి. బ్లీచింగ్ పౌడర్‌ను, టాయిలెట్ యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. గోడ మీద నల్లగా బూజు పడుతుంటే, ఎన్నిసార్లు తుడిచినా లీకేజీ ఆపనిదే పోదు.

దోమల చుట్ట, సాంబ్రాణి పొగ ఉబ్బసం ఉన్నవాళ్లకు పడవు. దేవుడి దగ్గర ఒక్క అగరొత్తి వెలిగించినా కిటికీ తీసి ఉంచండి.

రెండు నెలలు ఇలా చేశాక మావాడి తుమ్ములు బాగా తగ్గాయి. మీ ఇంట్లో ఎవరైనా రాత్రుళ్లు దగ్గుతో లేస్తున్నా, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఇల్లు శుభ్రపడింది కదా అని వాడుతున్న ఇన్‌హేలర్‌ను సొంతంగా ఆపేయకండి.