మీ కొలతలతో స్కర్టు బేసిక్ ప్యాటర్న్ గీసుకోవడం ఎలా?

కొన్న ప్యాటర్న్‌తో కుట్టిన స్కర్టు చాలామందికి నడుం దగ్గర సరిపోతే సీటు దగ్గర పట్టేస్తుంది. సొంత కొలతలతో ఒక బేసిక్ (ఒంటికి సరిపోయే సాదా స్కర్టు కాగితం నమూనా) గీసి పెట్టుకుంటే, ఏ మోడల్ కావాలన్నా దాన్నుంచే తీసుకోవచ్చు.

కొలతలు

నడుముకి సన్నని ఎలాస్టిక్ కట్టుకుని రెండు పక్కలకీ వంగండి. అది ఎక్కడ నిలబడితే అదే నడుము. సీటు కొలత వెనక బాగా ఎత్తుగా ఉన్నచోట, టేపు ఎగుడుదిగుడు లేకుండా తీయాలి. పొట్ట ముందుకు ఉంటే దాని మీద పలుచని అట్ట ఆనించి, అట్ట మీదుగా టేపు తిప్పండి. నడుం నుంచి సీటు దాకా లోతు, కింది దాకా పొడవు పక్కనుంచి తీయాలి. టేపు చూడ్డానికి వంగితే కొలత మారిపోతుంది కాబట్టి ఇంకొకరి చేత తీయించుకోవడమే మంచిది.

ఉదాహరణకి నడుము 72, సీటు 96, లోతు 20, పొడవు 60 సెం.మీ. అనుకుందాం.

గీయడం

1. వెడల్పు 50 (సీటులో సగం 48, లూజు 2), పొడవు 60తో దీర్ఘచతురస్రం గీయండి. ఎడమ గీత వెనక మధ్య, కుడి గీత ముందు మధ్య. పైనుంచి 20 కిందికి సీటు గీత, సరిగ్గా 25 దగ్గర పక్క కుట్టు గీత.

2. నడుంలో నాలుగో వంతు 18, లూజు అర. ముందుకి 1 కలిపితే 19.5, వెనక 1 తీస్తే 17.5. వెనక వంపు ఎక్కువ కాబట్టి డార్ట్‌లు (నడుం దగ్గర మిగిలిన బట్టని కిందికి సన్నబడేలా మడిచి కుట్టే మడతలు) అక్కడే ఎక్కువ పట్టాలి.

3. ముందు మిగిలిన 5.5లో పక్కన 3 తీసి, 2.5 ఒక డార్ట్‌కి ఇవ్వండి. వెనక 7.5లో పక్కన 3, మిగతా 4.5 రెండు డార్ట్‌లకి. ముందు డార్ట్ పొడవు 10, వెనక మధ్యకి దగ్గరిది 14, రెండోది 12.

4. పక్కన నడుం బిందువుని 1 పైకి, వెనక మధ్యని 1 కిందికి జరిపి నడుం గీతని వంపుగా కలపండి. రెండు మధ్యల దగ్గరా అది లంబంగా మొదలవ్వాలి, లేకపోతే కుట్టాక అక్కడ మొన తేలుతుంది.

ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది. కాగితంలో డార్ట్‌ని కుట్టినట్టే మధ్య వైపుకి మడిచి, మడిచినట్టే ఉంచి నడుం గీత మీద కత్తిరించండి. విప్పితే డార్ట్ నోటి దగ్గర చిన్న కోణం కనిపిస్తుంది. అది లేకుండా తిన్నగా కోస్తే, డార్ట్ మడిచినప్పుడు అక్కడ బట్ట చాలక నడుం పట్టీలో అందదు.

ట్రయల్

కుట్టు మార్జిన్ 1.5, కింద మడతకి 4 కలిపి, సాగని పాత నూలు బట్ట మీద కోయండి. సీటు గీతని రంగు దారంతో గుర్తు పెట్టి, పొడుగు కుట్టుతో కుట్టి, తొడుక్కుని చూడండి.

సీటు దగ్గర అడ్డ ముడతలు పడి స్కర్టు పైకి ఎక్కుతుంటే వెడల్పు చాల్లేదు, పక్కలు విప్పి వదలండి. వెనక నడుం కిందే బట్ట ముద్దగా చేరితే వెనక మధ్యని ఇంకో అర కిందికి దించండి. ముందు అంచు పైకి లేచి పక్క కుట్టు ముందుకి లాగుతుంటే పొట్టకి బట్ట చాల్లేదు: ముందు మధ్య పైన పొడవు, సీటు గీత మీద వెడల్పు కలపాలి. డార్ట్ కొన బుడగలా లేస్తే డార్ట్ పొడవు సరిచూడండి, కొన దగ్గర కుట్టుని సన్నగా జారవిడవండి.

సరిచేసినవన్నీ కాగితం మీదికి ఎక్కించి, తేదీ, కొలతలు, ‘మార్జిన్ కలపలేదు’ అని రాసిపెట్టండి. మోకాలు దాటే పొడవైతే నడవడానికి చీలిక తప్పదు. సాగే నిట్ బట్టకి ఈ లూజు ఎక్కువైపోతుంది, దానికి బేసిక్ వేరే గీసుకోవాలి.