టాపులు కలపగానే బేస్ మాయమవుతోందా?

సమస్య: ఫంక్షన్ హాల్లో బేస్ బాక్సులు ఒక్కటే మోగిస్తే దద్దరిల్లుతున్నాయి. టాపులు (గొంతు, పై స్వరాలు పలికే బాక్సులు) ఆన్ చేయగానే దమ్ము పోతోంది. గట్టిమేళం సమయానికి డోలు దెబ్బ తేలిపోతే పెళ్లికే కళ తప్పుతుంది.

కారణం: చాలామంది వెంటనే ఈక్వలైజర్లో 80, 100 హెర్ట్జ్ పెంచేస్తారు. ఆంప్ మీద లోడ్ పెరుగుతుందే గానీ లోటు తీరదు. క్రాసోవర్ దగ్గర, అంటే కింది స్వరాలను బేస్‌కూ, పై స్వరాలను టాప్‌కూ విడదీసే హద్దు దగ్గర, రెండూ ఒకే స్వరాన్ని పలుకుతాయి. ఒకదాని కోను ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగితే ఆ స్వరం గాలిలోనే చచ్చిపోతుంది. వైరులో ప్లస్, మైనస్ తారుమారైనా, బేస్‌లు స్టేజీ ముందు, టాపులు వెనక ఉన్నా జరిగేది ఇదే.

పరిష్కారం: ముందు వైర్లు సరిచూసుకోండి. ప్రాసెసర్లో (ఆంప్‌లకు ముందు సిగ్నల్‌ను విడదీసి సరిచేసే పరికరం) రెండింటికీ 100 హెర్ట్జ్ దగ్గర లింక్‌విట్జ్-రైలీ 24 డీబీ రకం క్రాసోవర్ పెట్టండి. టేపుతో దూరం కొలిచి, ముందున్న బాక్సులకు మీటరుకు సుమారు 2.9 మిల్లీసెకన్ల చొప్పున డిలే (ఆలస్యం) ఇవ్వండి. తర్వాత ఒక పక్క బాక్సులకే 100 హెర్ట్జ్ టోన్ పంపి, హాలు మధ్యలో నిలబడి వినండి. బేస్ పోలారిటీ (ప్లస్-మైనస్ దిశ) తిప్పి, డిలేను కొద్దికొద్దిగా జరుపుతూ పోతే ఒక చోట శబ్దం బాగా పడిపోతుంది. మనకు కావలసిన డిలే అదే. పోలారిటీ మళ్లీ మామూలుగా పెట్టండి, ఈసారి టోన్ గుండెకు తగులుతుంది. 100 హెర్ట్జ్‌కు ఒక చుట్టు 10 మిల్లీసెకన్లే కాబట్టి కొలిచిన అంకెకు మరీ దూరం పోతే తప్పు చుట్టులో పడతారు.

పవర్డ్ బాక్సులైతే (ఆంప్ లోపలే ఉన్నవి) ఇంకో చిక్కు ఉంది. వాటి లోపల క్రాసోవర్ ముందే ఉంటుంది. ప్రాసెసర్లో ఇంకోటి పెడితే బేస్‌కీ టాప్‌కీ నడుమ గొయ్యి పడి, మగ గొంతులు పీలగా వస్తాయి. రెండింట్లో ఒకటి బైపాస్ చేస్తే చాలు.

బేస్ కోను టపటపా కొట్టుకుంటుంటే చాలాసార్లు హైపాస్ (మరీ కింది స్వరాలను ఆపే ఫిల్టర్) లేదన్నమాట. పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బాక్సుకు కంపెనీ చెప్పిన చోట, సాధారణంగా 30 నుంచి 40 హెర్ట్జ్ మధ్య పెట్టండి.

బైఆంప్ టాపుల్లో (కోనుకూ, హార్న్‌కూ వేర్వేరు ఆంప్‌లు ఉండేవి) హార్న్ గరగరమన్నా, మూగబోయినా డయాఫ్రమ్ (లోపల కంపించే పొర) మార్చే ముందు ప్రాసెసర్లోని ప్రీసెట్ (ఆ బాక్సుకు దాచిపెట్టిన సెట్టింగ్) చూడండి. వేరే బాక్సుల ప్రీసెట్ లోడ్ అయి ఉంటే కింది ఫ్రీక్వెన్సీలు నేరుగా హార్న్ డ్రైవర్‌కు పోతాయి, కొత్త డయాఫ్రమ్ కూడా అలాగే కాలిపోతుంది. ప్రీసెట్ మార్చేటప్పుడు ఔట్‌పుట్లన్నీ మ్యూట్ చేసి, ఒక్కొక్కటీ తక్కువ వాల్యూమ్‌లో తెరిచి వినండి.